చెరువు కట్ట మీద పొద్దుగాల రెండు గంటలు: మన ఊరి పిట్టల్ని, చెట్లని, గుట్టల్ని ఎట్ల చూడాలె

ఆదివారం వస్తే చాలు మా దోస్తులు కారేసుకొని శ్రీశైలం రోడ్డు పట్టుకుంటరు, మన్ననూరు చెక్‌పోస్టు దాటినంక ఏడనో ఒక కాడ బండి ఆపి కోతులకు చిప్స్ ఏసి, రెండు సెల్ఫీలు దిగి, అడవి చూసొచ్చినం అంటరు. ఏం చూసిన్రు రా అంటే చెట్లు, కోతులు. నల్లమల మీద నాకేం కోపం లేదు, దాని సంగతి చివర్ల చెప్త. కానీ చూసుడు అనేది ఒక అలవాటు, ఒక్క తావుకే మళ్ళ మళ్ళ పోతే వస్తది. నేను మూడేండ్ల సంది నల్లగొండ పక్కన మా ఊరి చెరువు కట్టకే పోతున్న, ప్రతి ఆదివారం కాకున్నా నెలకు మూడుసార్లు అయితే తప్పదు, ఇప్పటికీ పోయినప్పుడల్లా తెల్వనిది ఒకటి కండ్లవడ్తనే ఉంటది. మీరు కూడ మొదలువెడ్దాం అనుకుంటే ఎట్లనో నాకు తెలిసినంత రాస్తున్న.

ముందుగాల తావు చూసుకోవాలె. ఇంటి నుంచి బండి మీద పది నిమిషాలకు మించొద్దు, మించితే మూడో వారానికి మానేస్తరు, ఫస్ట్‌ల నేను మానేసింది అందుకే. మన దిక్కు చెరువును మించిన తావు లేదు. కట్ట మీద నిలబడితే ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క ఆయకట్టు పొలాలు, కొసకు పోతే మత్తడి, మత్తడి దాటితే చెలకలు, చెలకల ఎనక గుట్ట. నాలుగైదు రకాల జాగలు ఒక్క కిలోమీటరు నడకల, ఒక్కో జాగల ఒక్కో రకం జీవాలు. నల్లగొండ టౌన్ల ఉండేటోళ్ళకు పానగల్లు ఉదయసముద్రం ఉండనే ఉంది, కందూరు చోళుల కాలం నాటి గుళ్ళు కూడ పక్కనే, పాలమూరోళ్ళకు పెద్దచెరువు ఉంది. అది కూడ కుదరదంటే ఇంటెనక ఒక చింతచెట్టు, ఒక పాడువడ్డ బాయి ఉన్నా సరే, సంవత్సరానికి సరిపోతది.

వేళ సంగతి. పొద్దు పొడవక ముందు పావుగంటకు అక్కడ ఉండాలె. పిట్టలకు అదే అసలు టైం, రాత్రంతా తినలేదు కదా, ఆకలి మీద తిరుగుతుంటయి, మనుషుల సప్పుడు కూడ అప్పటికి తక్కువ. ఎండకాలం 8.30 కల్లా ఇంటికి రావాలె, చలికాలం 10 దాక నడుస్తది. పొద్దుగాల లేవనోళ్ళు సాయంత్రం 5 తర్వాత పోండ్రి, కొంగలు గుంపులు గుంపులుగ చెట్ల మీదికి మలిగేది అప్పుడే. మిట్టమధ్యాహ్నం పోయి ఏం లేవు అన్నోళ్ళను చూసిన, ఆ ఎండల అన్నీ నీడకు పోయి పంటయి, మనలెక్కనే.

ఏమేం తీసుకపోవాలె అంటే పెద్దగ ఏం లేదు. నీళ్ళ బాటిల్, ఎండకాలం అయితే మజ్జిగ, తువ్వాల, జేబుల పట్టే నోట్‌బుక్, పెన్సిల్ (పెన్ను తడిస్తే పనికిరాదు), మడిమెల దాక కప్పే బూట్లు. ఎర్రటివి, మెరిసేటివి ఏసుకోకుండ్రి, సెంటు అసలే వద్దు, ఎందుకో గుట్టల కాడ చెప్త. బైనాక్యులర్ కొందాం అనుకుంటే 8x42 అని రాసి ఉంటది అది తీసుకోండ్రి, అందుల 8 అంటే ఎనిమిదింతలు దగ్గరగ చూపెడ్తదని, 42 అంటే ముందటి అద్దం మిల్లీమీటర్లల్ల, అద్దం పెద్దగుంటే మసక వెలుతుర్ల మంచిగ కనిపిస్తది. కానీ మొదటి మూడు నెలలు కొనకుండ్రి. బైనాక్యులర్ ఉంటే కన్ను దూరంకే పోతది, కాళ్ళ కాడ ఉన్నది మిస్ అయితది.

ఇప్పుడు అసలు పని. కట్ట ఎక్కంగనే నడవకుండ్రి. ఒక చెట్టు మొదలో, తూము దిమ్మెనో, మైసమ్మ గుడి అరుగో చూసుకొని కూసోండ్రి, ఫోన్ సైలెంట్‌ల పెట్టి ఇరవై నిమిషాలు కదలకుండ. నేను చెప్పే దాంట్ల ఇదొక్కటి చేసినా మిగతాది దానంతట అదే వస్తది. మనం రాంగనే దగ్గరున్నవన్నీ లేచిపోతయి, ఐదు నిమిషాలకు ఉడుతలు దిగుతయి, పది నిమిషాలకు గోరింకలు, అటెనక నీళ్ళ అంచుకు తెల్లకొంగలు వచ్చి నిలబడ్తయి, పదిహేను దాటినంక మనల్ని రాయి కింద జమకడ్తయి. ఒకసారి నేను అట్లనే కూసున్న, ముంగిస ఒకటి నా బూటు పక్క నుంచే పోయింది, పోయి ఎనక్కి తిరిగి చూసింది, నేను శ్వాస కూడ తీయలే.

కూసున్నప్పుడు ముందు చెవులతోటి చూడాలె. మాట ఇచ్చిత్రంగ ఉండొచ్చు గాని మన కాడ చాన పిట్టలు కనిపించే ముందే వినిపిస్తయి. "డిడ్ హీ డూ ఇట్" అని ఇంగ్లీషోళ్ళకు వినపడే అరుపు మనోళ్ళకు ఉత్తితి ఉత్తితి అని వినపడ్తది, అదే తీతువు పిట్ట. అది అరిస్తే కీడు అని మా అవ్వ చెప్పేది, రాత్రిపూట అరిస్తే తలుపేసేది. అసలు సంగతి ఏందంటే అది గుడ్లను ఖాళీ నేల మీద, రాళ్ళ నడుమ పెడ్తది, గుడ్లు కూడ అచ్చం గులకరాళ్ళ లెక్కనే ఉంటయి. మీరు దగ్గరికి వస్తున్నరు అంటే పానం పోయినట్టు అరుస్తది, తల మీద చక్కర్లు కొడ్తది. కనుక ఎండకాలం, వానకాలం మొదట్ల తీతువు మీ తల మీద మొత్తుకుంటుంటే ఫోటో తీద్దాం అనుకోకుండ ఎనక్కి రావాలె, వచ్చిన అడుగుల మీదనే, పక్కకు తొక్కితే గుడ్ల మీదనే కాలు వడొచ్చు.

ఇగ ఒక తెల్వని పిట్ట కనిపించిందే అనుకుందాం, ఏం చేయాలె. చాన మంది వెంటనే రంగు చూస్తరు, పొద్దుగాల ఎలుతుర్ల రంగు మోసం చేస్తది, దానికన్నా ముందు సైజు పట్టుకోవాలె. మనకు తెలిసినవి నాలుగు ఉన్నయి కదా, పిచ్చుక, గోరింక, కాకి, గద్ద. ఇది పిచ్చుక కన్నా పెద్దదా, గోరింకంత ఉందా, కాకి కన్నా చిన్నదా, అట్ల కొలవాలె. రెండోది ముక్కు. పొడుగ్గ, సన్నగ, వంకరగ, పొట్టిగ ఎట్లుందో చూస్తే ఏం తింటదో సగం తెలిసిపోతది. మూడోది తోక. నాలుగోది ఏం చేస్తుందో చూడాలె, నా మటుకు అన్నిట్ల ఇదే ముఖ్యం. కరెంటు తీగ మీద నల్లగ, తోక చీలి ఉండి, ఉన్నట్టుండి దుమికి గాల్ల పురుగు పట్టుకొని మళ్ళ అదే తీగ మీదికొచ్చిందంటే అది ఏట్రింత, పసులపోలిగాడు అని కూడ అంటరు, బర్రె ఈపు మీద సవారీ చేసేది అదే. తన గూడు దిక్కు వస్తే గద్దను కూడ తరుముతది, ఉండేదేమో గోరింకంతనే. నీళ్ళ మీద గాల్లనే ఆగి రెక్కలు కొట్టుకుంటా సర్రున కిందికి పడేది నలుపు తెలుపు లకుముకి. నీళ్ళు లేని కాడ కూడ తీగల మీద కనిపించే నీలం రెక్కల, ఎర్రముక్కు, తెల్లరొమ్ము లకుముకి వేరే, అది తొండల్ని, మిడతల్ని కూడ తింటది. రెక్కలు బార్లా చాపి రాయి మీద ఆరవెట్టుకుంటున్న నల్లది నీటికాకి, దాని ఈకలు నీళ్ళకు తడుస్తయి కనుక అట్ల ఆరవెట్టుకోవాల్సిందే. ముక్కు మూసినా నడుమ సందు కనిపించే కొంగ ఉందంటే అది నత్తగుల్లలు తినేది.

పాలపిట్టను మాత్రం మిస్ కాకుండ్రి. మన రాష్ట్ర పక్షి, దసరా నాడు దాన్ని చూసొచ్చినంకనే జమ్మి పంచుకుంటం, కానీ ఆ ఒక్కనాడు తప్ప ఎవ్వరూ పట్టించుకోరు. కూసున్నప్పుడు మట్టిరంగుల ఉండి ఏం గొప్పగ కనిపించదు, ఎగిరినప్పుడు రెక్కలు ఇప్పితే నీలం మీద నీలం, అప్పుడు తెలుస్తది ఎందుకు మొక్కుతరో. పండుగకు పట్టుకొచ్చి పంజరంల పెట్టి చూపించి పైసలు తీసుకునేటోళ్ళు ఉంటరు, వాళ్ళకు ఒక్క రూపాయి ఇయ్యకుండ్రి. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, పట్టుకున్న పిట్టల్ల చాన వరకు బతకవు కూడ.

ఇవన్నీ అయినంకనే ఫోన్ తీయాలె. మెర్లిన్ అనే యాప్ ఉంది, పిట్ట అరుపు రికార్డు చేస్తే పేరు చెప్తది, చెట్లకు పురుగులకు ఐనాచురలిస్ట్ ఉంది, చూసినయి లెక్క రాసుకోనీకె ఈబర్డ్. మూడూ ఫ్రీనే. కానీ యాప్ చెప్పిందని నమ్ముడు కాదు, ఒక్కోసారి మన దేశంల లేని పిట్ట పేరు చెప్తది, సైజు, ముక్కు, తోక మీరు చూసుకుంటే తప్పు దొరికిపోతది. ఇంకొకటి, పిట్ట అరుపును ఫోన్ల ప్లే చేసి దాన్ని దగ్గరికి పిలుచుడు కొందరు చేస్తరు, వేరే మగపిట్ట వచ్చిందనుకొని అది గూడు ఇడిసిపెట్టి కొట్లాటకు వస్తది. వద్దు.

యాప్ల కన్నా మనుషులు నయం. కట్ట మీద గొర్లు కొట్టుకొని వచ్చే కురుమ తాతలు, వలేసే ముదిరాజులు, తాళ్ళెక్కే గౌండ్లోళ్ళు, వీళ్ళకు తెలిసినంత నాకు పుస్తకాల్ల దొరకలే. "కాక, గీ పిట్టను మీరు ఏమంటరు" అని అడిగితే చాలు. ఒకే పిట్టకు మూడూర్లల్ల మూడు పేర్లుంటయి, అన్నీ రాసుకోండ్రి. నాకు మెడ ఆడించేది ఊసరవెల్లి అని చిన్నప్పటి సంది నమ్మకం, ఒక గొర్ల కాక నవ్వి అది తొండ బిడ్డా, అసలు ఊసరవెల్లి అంటే కొమ్మ మీద ఊగుకుంటా ఊగుకుంటా మెల్లగ నడుస్తది, రెండు కండ్లు రెండు దిక్కులు తిప్పుతది అని చూపెట్టిండు. ముప్పై ఏండ్లు తప్పు పేరు పిలిచిన.

చెట్ల కాడికొద్దాం. అన్ని చెట్లూ నేర్చుకుందాం అనుకుంటే తల తిరుగుతది, ఒక్క చెట్టును ఏడాదంతా చూడుండ్రి. నేను తాటిచెట్టు పట్టుకున్న. కట్ట మీద తాళ్ళు రోజూ చూసేటియే కదా అనుకున్న గాని ఒక్క చెట్టు మీద ఎంత సంసారం ఉందో చూస్తే మతి పోయింది. మట్టల కింద పక్క సన్న రెక్కల చిన్న పిట్టలు, ఇంగ్లీషుల పామ్ స్విఫ్ట్ అంటరు, ఈకల్ని ఉమ్మితోటి తాటాకుకు అంటించి గూడు చేసుకుంటయి, రోజంతా గాల్లనే పురుగులు పట్టుకుంటా తిరుగుతయి. కొసలకు గిజిగాని గూళ్ళు. జూన్‌ల వానలు పడంగనే మగ గిజిగాడు పసుపు టోపీ పెట్టుకున్నట్టు తయారై గడ్డిపోచలు చీల్చుకొచ్చి అల్లుడు మొదలువెడ్తడు, సగం అల్లి ఆపుతడు, ఆడపిట్ట వచ్చి లోపట చూసి నచ్చితేనే మిగతా సగం, నచ్చకపోతే ఇంకో గూడు. చాన వరకు గూళ్ళు చెట్టుకు తూర్పు దిక్కే వేలాడ్తయి, మన వానగాలి నైరుతి నుంచి వస్తది కనుక. మీ ఊర్ల గూళ్ళు లెక్కవెట్టి ఏ దిక్కు ఎన్ని ఉన్నయో చూడుండ్రి, పిల్లలకు ఇస్తే మంచి పని, మా బిడ్డ ఒక్క ఈతచెట్టుకు పందొమ్మిది లెక్కవెట్టింది. తల పోయిన మోడు తాటి ఉంటే దాని తొర్రల చిలుకలు, పగటేళ కూడ గుడ్లు మిటకరించి చూసే చిన్న పైడికంటెలు. కల్లు కుండల కాడ తేనెటీగలు, ఉడుతలు సరే సరి, రాత్రికి గబ్బిలాలు.

తాటి నచ్చకపోతే మోదుగ పట్టుకోండ్రి. ఫిబ్రవరి, మార్చిల ఆకంతా రాలి చెట్టంతా నిప్పు అంటుకున్నట్టు పూస్తది, గోరింకలు, తేనెపిట్టలు తేనె కోసం ఎగబడ్తయి, హోలీకి మనం ఆ పూలు ఉడకబెట్టి రంగు చేసుకున్నోళ్ళమే. ఏప్రిల్, మేల పసుపు గుత్తులు వేలాడేసుకున్నది రేల. తంగేడు, గునుగు సంగతి బతుకమ్మ పేర్చేటోళ్ళకు నేను చెప్పేది కాదు. జిల్లేడు ఆకులు మాత్రం తిప్పి కింద చూడుండ్రి, నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళి పురుగు ఉంటది, విషం పాలు తాగి అదే విషాన్ని ఒంట్ల దాసుకుంటది, రేపు సీతాకోకచిలుక అయినంక కూడ పిట్టలు దాని జోలికి పోవు. ఆకు తిప్పినంక చేతులు కడుక్కోవాలె, ఆ పాలు కంట్ల పడితే ఆగం. సర్కారు తుమ్మ గురించి ఏం చెప్పాలె, అమెరికా ఖండం నుంచి వచ్చి మన చెరువు శిఖం భూములన్నీ ఆక్రమించింది, నా బండి టైరు నాలుగుసార్లు పంచర్ చేసింది. మనం మనదే అనుకునే సీతాఫలం కూడ అటు నుంచి వచ్చిందే, బాలానగర్ కాయ తినుకుంటా ఆ మాట అంటే మా పాలమూరు దోస్తు కొట్టొచ్చిండు.

నేల మీద చూడనీకె వానకాలం మొదలు మంచిది. మిరుగు దాటి ఆరుద్ర కార్తె రాంగనే ఎర్రమఖమల్ గుడ్డ లెక్క ఆరుద్ర పురుగులు చెలకల్ల కనిపిస్తయి, నాలుగైదు రోజులే, మళ్ళ మాయం. మొదటి గట్టి వాన రాత్రి ఉసిళ్ళు లేస్తయి, తెల్లారి వాటి రెక్కల కుప్పలు, తిననీకె వచ్చిన కప్పలు, పిట్టలు, దాని ఎనక పాములు. నీళ్ళు ఎనక్కి పోయిన బురద మీద అడుగులు చదవొచ్చు, కుక్క అడుగుకు గోర్లు పడ్తయి, పిల్లి జాతికి పడవు, అది ఒక్కటి గుర్తుంటే చాలు. పాలమూరు దిక్కు గుట్టల్ల చిరుతలు తిరుగుతయి, గోరు పడని పెద్ద అడుగు కనిపిస్తే అది తాజాదా పాతదా అని చూసుకుంటా నిలబడకుండ్రి, ఎనక్కి వచ్చి ఫారెస్టోళ్ళకు చెప్పండ్రి.

పాముల సంగతి సాఫ్‌గ చెప్త. కర్ర పట్టుకొని నేల తట్టుకుంటా నడవాలె, కనిపించని తావుల చెయ్యి పెట్టొద్దు, రాయి తిప్పి చూడొద్దు. చెరువు కాడ ఎక్కువ కనిపించేటివి నీరుకట్టె, జెర్రిపోతు, రెండింటికీ విషం లేదు, చంపకుండ్రి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఉంటయి. కరిస్తే ఉరకొద్దు, కోయొద్దు, నోటితోటి పీల్చొద్దు, తాడుతోటి గట్టిగ కట్టొద్దు, ఉంగరాలు తీసేసి ఆ కాలునో చెయ్యినో కదలకుండ పెట్టి 108కి ఫోన్ చేసి గవర్నమెంటు దవాఖానకు పోవాలె. మంత్రం వేసేటోని కాడ అర్ధగంట పోగొట్టుకోకుండ్రి.

గుట్టల గురించి మనోళ్ళు అస్సలు ఆలోచించరు, క్రషర్‌కు పనికొచ్చే రాయి అనుకుంటరు తప్ప. మన గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏండ్లు. ఒక బండ మీద ఇంకో బండ ఎవరో పేర్చినట్టు నిలబడి ఉంటది కదా, రాకాసులు పెట్టిన్రని కథ చెప్తరు. నిజానికి అది ఒకప్పుడు ఒకటే పెద్ద బండ, అడ్డం నిలువు పగుళ్ళు వచ్చినయి, పగుళ్ళల్లకు వాననీళ్ళు దిగి మూలలు ముందు పొడైనయి, మూల పోతే మిగిలేది గుండ్రన కదా, మట్టి కొట్టుకపోయి గుండ్లు బైటికి తేలినయి. దగ్గరికి పోతే ఉల్లిగడ్డ పొట్టు లెక్క పొరలు ఊడుతుండేది కనిపిస్తది. మన నల్లగొండ బాయి నీళ్ళల్ల ఫ్లోరైడ్ వచ్చింది కూడ ఈ రాయిలకెల్లే, నీళ్ళు ఏండ్ల తరబడి రాయిల ఊరి ఊరి దాన్ని తెచ్చుకుంటయి. గుట్ట ఎక్కేటప్పుడు బండల కింద పెద్ద తేనెపట్లు ఉన్నయా చూసుకోవాలె, సెంటు వద్దన్నది, సిగరెట్ వద్దనేది దీనికోసమే, అవి లేస్తే ఉరికి తప్పించుకునుడు కష్టం. ఇడిసిపెట్టిన క్వారీ గుంతల్ల ఈతకు దిగొద్దు, లోతు తెల్వదు.

వచ్చినంక రాయకపోతే చూసింది సగం పోతది. నా పేజీల ఉండేటివి ఇంతే: తారీఖు, టైం, మబ్బా ఎండా, తూము మెట్లు ఎన్ని నీళ్ళపైన తేలినయి, ఏమేం ఎన్ని చూసిన, తెల్వనిదానికి ఒక పిచ్చి బొమ్మ. మెట్ల లెక్క ఎందుకంటే చెరువుల అన్నీ నీళ్ళ మట్టం మీదనే నడుస్తయి, నిండుగున్నప్పుడు బాతులు, నీటికాకులు, తగ్గి అంచు బురద తేలితే పొడుగుకాళ్ళ పిట్టలు దిగుతయి. అక్టోబర్ సంది మార్చి దాక బైటోళ్ళు వస్తరు, మధ్య ఆసియా నుంచి గులాబీ రంగు గోరింకలు జొన్నచేల మీద మబ్బు లెక్క పడ్తయి, పెద్ద నీళ్ళున్న కాడికి తల మీద రెండు నల్లచారల బాతులు హిమాలయాలు దాటుకొని వస్తయి. మీ చెరువుకు మొదటిది ఏ తారీఖుకు వచ్చిందో రాసుకోండ్రి, రెండో ఏడు ఆ పేజీ తీస్తే తెలుస్తది దాని ఇలువ.

ఆర్నెల్లు ఇట్ల చేసినంక దూరం పోండ్రి. పాలమూరు పిల్లలమర్రికి పోతే అసలు మొదలు ఎక్కడుందో వెతుకుండ్రి, ఊడలే మొదళ్ళై పోయినయి, చెదలు పట్టి పెద్ద కొమ్మ ఇరిగితే 2018ల సెలైన్ బాటిళ్ళు కట్టి మందెక్కించిన చెట్టు అది. కృష్ణ, మాగనూరు మండలాల దిక్కు నల్లరేగడి చేలల్ల కృష్ణజింకలు మందలు మందలు దొరుకుతయి, రోడ్డు మీద నుంచే చూడాలె, చేను రైతుది, జింకలతోటి ఆయనకున్న తిప్పలు ఆయనకున్నయి. ఆడికెళ్ళి ముడుమాలు నిలువురాళ్ళు దగ్గరనే, 2025ల యునెస్కో తాత్కాలిక జాబితాల చేరినయి. జూరాల నీళ్ళ కాడ మొసళ్ళు ఉంటయి, అంచుకు దిగకుండ్రి. ఇగ నల్లమలల అమ్రాబాద్ టైగర్ రిజర్వుకు పోతే ఫరహాబాద్ సఫారీ ఫారెస్టోళ్ళ బండిల్నే, రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాక అడవిల శ్రీశైలం రోడ్డు బంద్, కోతులకు ఏం పెట్టొద్దు, పెడ్తే అవి రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడ్తయి. చెంచుపెంటలకు పోయి మనుషుల్ని ఫోటోలు తీసుడు కూడ వద్దు, వాళ్ళిల్లు అది. అక్కడ కూడ ముందు ఇరవై నిమిషాలు కూసోవాల్సిందే, పులి కనిపించకున్నా పిట్టలు నిరాశ పెట్టవు.

మా చెరువుల ఇయ్యాల్టికి తూము ఐదో మెట్టు తేలింది, పోయినేడు గిదే మెట్టు కాడ ఎర్రకాళ్ళ కొంగలు నాలుగు దిగినయి. వచ్చే ఆదివారం 5.40కి పోతున్న.